ఒక క్రోటన్‌కు ఇద్దరి నీళ్లు

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో రెండో అంతస్తు ఫ్లాట్. మామయ్యగారు పోయాక తెనాలిలో ఇల్లు అమ్మేశాం. ఫిబ్రవరిలో అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేస్తూ, పెరట్లో మామయ్యగారు నాటిన క్రోటన్‌ను తవ్వించి వెంట తెచ్చుకున్నారు. నడుమెత్తు మొక్క. వెడల్పాటి ఆకులు, ఎరుపూ పసుపూ కలగలిసి కళకళలాడుతూ ఉండేది. కళ్లెదురుగా ఉండాలని హాల్లో ఆవిడ దివాన్ పక్కనే పెద్ద ప్లాస్టిక్ కుండీలో పెట్టాం. వచ్చిన కొద్ది రోజులకే ఆకులు రాలడం మొదలైంది. ఏప్రిల్ నుంచి హాల్లో ఏసీ వేస్తుంటే ఇంకా ఎక్కువైంది. మొదట్లో మంచి రంగు ఆకులే టపటపా రాలేవి. ఇప్పుడు కింది ఆకులు పసుపు తిరిగి, మెత్తబడి ఊడిపోతున్నాయి. కొత్తగా వచ్చిన నాలుగు ఆకులూ ఉత్త ఆకుపచ్చ. కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలాంటిది పట్టింది. కుండీ కింద ప్లేటులో నీళ్లు వాసన వస్తున్నాయి. రోజూ పొద్దున నేను నీళ్లు పోస్తాను. ఎండిపోతోందేమోనని సాయంత్రం అత్తయ్యగారూ పోస్తారు. హాల్లోనే మూడు చోట్లకు మార్చి చూశాం. మాకు హాలు ముందు పడమటి బాల్కనీ, వంటింటి వెనక వాషింగ్ మెషీన్ ఉన్న చిన్న తూర్పు బాల్కనీ ఉన్నాయి. "ఈ ఇల్లు దానికి పడలేదమ్మా" అంటారు అత్తయ్యగారు. నన్నే అన్నట్టు ఉంటుంది. మా బాబుకు పద్నాలుగు నెలలు, ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. పక్క ఫ్లాట్ ఆంటీ, పాలు కారే మొక్క ఇంట్లో ఉండకూడదు, పైగా విషం అంటూ, క్రోటన్ నూనె మనుషుల్ని చంపుతుందనే ఫార్వర్డ్ ఒకటి పంపారు. మావారు ఒకరోజు ఏసీ గదిలో గాలి శుభ్రం చేస్తుంది ఉండనీ అంటారు, ఇంకోరోజు తీసేసి కొత్తది కొందామంటారు. అత్తయ్యగారి ముందు ఆ మాట ఎలా అనను? చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
— ఒక కోడలు, విజయవాడ

సమాధానం: ముందు ఒక పని చేసి వచ్చి, తర్వాత మిగతాది చదవండి. ఆ కుండీని హాల్లోంచి తీసి వంటింటి వెనక తూర్పు బాల్కనీలో పెట్టండి. వాషింగ్ మెషీన్ పక్కన, గోడ నీడ పడే మూలన. తలుపు గడియ పెట్టండి. ఈ తొందర మొక్క కోసం కాదు, బాబు కోసం. మీ ఉత్తరంలో అందరూ మొక్క విషమా కాదా అని వాదించుకుంటున్నారు గానీ, ఆకులు రాలుతున్నది నేల మీద, ఇంట్లో తిరుగుతున్నది ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పిల్లాడు. కొమ్మకున్న ఆకును వాడు అందుకోలేకపోవచ్చు. దివాన్ కిందికి జారిన ఎర్రటి ఆకు మాత్రం వాడి కంటే ముందు మీకు కనిపిస్తుందన్న నమ్మకం లేదు. కుండీ తీశాక దివాన్ కింద, సోఫా సందుల్లో ఒకసారి ఊడ్చేయండి.

విషం సంగతి. క్రోటన్ కొమ్మ విరిచినా, ఆకు తుంచినా పాలు కారతాయి. ఆ పాలలో చర్మాన్ని, నోటిని మండించే పదార్థాలున్నాయి. ఆకు నమిలితే నోరు, గొంతు మండుతాయి, వాంతులో విరేచనాలో కావచ్చు. ఒక ముక్క కొరికినంత మాత్రాన సాధారణంగా ప్రాణం మీదికి రాదు, కానీ పద్నాలుగు నెలల పిల్లాడి విషయంలో "సాధారణంగా" అనే మాట మీద ఆధారపడకూడదు. ఎప్పుడైనా అలా జరిగితే వేలితో ముక్కలు బయటికి తీసి, తడిగుడ్డతో నోరు తుడిచి, రెండు గుక్కలు నీళ్లు పట్టి, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆకు కూడా వెంట తీసుకెళ్తే డాక్టరుకు పని తేలికవుతుంది. వేలు పెట్టి బలవంతంగా వాంతి చేయించకండి. కంట్లో పాలు పడితే పదిహేను నిమిషాల పాటు మంచినీళ్లతో కడుగుతూ ఉండి, తర్వాత డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్లకైనా కొందరికి ఈ పాలు తగిలిన చోట దద్దుర్లు వస్తాయి. బట్టల మీద పడితే మరక వదలదు.

ఆంటీగారు పంపిన ఫార్వర్డ్‌లో సగం నిజం ఉంది, అందుకే అది భయపెడుతుంది. క్రోటన్ నూనె అనేది నిజంగానే ఉంది, అది నిజంగానే ప్రమాదకరం. కానీ దాన్ని తీసేది నేపాళం అనే వేరే మొక్క గింజల నుంచి. ఆయుర్వేదంలో జయపాలమని, శుద్ధి చేసి గానీ వాడకూడని తీవ్రమైన విరేచనకారి అని చెప్పేది ఆ గింజల్నే. మీ ఇంట్లో ఉన్న రంగుల మొక్క వేరు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని కూడా నేపాళం ఉన్న 'క్రోటన్' అనే ప్రజాతిలోనే (దగ్గరి పోలికలున్న మొక్కల గుంపులోనే) కలిపి పేరు పెట్టాడు. తర్వాతి శతాబ్దంలో శాస్త్రవేత్తలు విడదీసి వేరే ప్రజాతిలో పెట్టినా, నర్సరీల వాళ్ల నోట పాత పేరే నిలిచిపోయింది. రెండూ ఆముదం కుటుంబానివే, రెండింటికీ పోలిక అంతవరకే. మరో మాట, ఆంటీగారింట్లో టీవీ పక్కన సీసాలో మనీ ప్లాంట్ ఉండే ఉంటుంది. దాని ఆకు నమిలినా నోరు మండుతుంది, వాస్తుంది. మనం రోజూ పూజకు కోసే గన్నేరైతే ఈ రెండింటికంటే ఎంతో ప్రమాదం, అది నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పిల్లలున్న ఇంట్లో భయపడాల్సిన మొక్కల వరసలో మీ క్రోటన్ మొదటిదేం కాదు.

పాలు కారే మొక్క ఇంట్లో ఉండకూడదన్న మాటకు నేను శాస్త్రం చెప్పలేను, వాస్తు నా విద్య కాదు. తెనాలి నుంచి బెజవాడ దాకా ప్రహరీ పొడుగునా క్రోటన్లు వేసుకున్న ఇళ్లు ఎన్నో చూశాను, ఆ ఇళ్లలో పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పెరిగారు. ఆంటీగారికి ఇంతకుమించి జవాబు చెప్పనక్కర్లేదు. కాఫీ ఇచ్చి పంపేయండి. మొక్క ఎలాగూ ఇంట్లో ఉండదు, బాల్కనీలోనే కదా ఉండేది!

ఇక మొక్క దగ్గరికి వద్దాం. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే జబ్బువి కావు. ఫిబ్రవరిలో జరిగింది ఒకటి, ఏప్రిల్ నుంచి జరుగుతున్నది ఇంకొకటి. వాటిని కలిపేసుకున్నారు కాబట్టే ఏం చేసినా ఫలితం లేదనిపిస్తోంది.

మొదట్లో రాలినవి మంచి రంగున్న, ఆరోగ్యంగా కనిపించే ఆకులు. అది మీరు నీళ్లు తక్కువ పోసినందుకు కాదు, ఎక్కువ పోసినందుకూ కాదు. ఏళ్ల తరబడి నేలలో ఉన్న మొక్కను తవ్వితే మీకు దక్కేది లావు వేళ్లు మాత్రమే. నీటిని పీల్చే సన్నని పీచు వేళ్లు చాలావరకు తెనాలి మట్టిలోనే ఉండిపోతాయి. ఉన్న వేళ్లు అన్ని ఆకులకు నీరందించలేవు, దాంతో మొక్క కొన్ని ఆకుల్ని వదిలేస్తుంది. అది అక్కడితో ఆగేదే. దానికి తోడు మీరు ఎండలోంచి తెచ్చి హాల్లో పెట్టారు.

హాలు వెలుతురుగానే ఉంటుంది కదా అంటారు. మన కన్ను మోసం చేస్తుంది. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. నీడలోనైనా వేలల్లో ఉంటుంది. ట్యూబులైటు వేసిన హాల్లో కొన్ని వందలు మాత్రమే. కంటిపాప సర్దుకుంటుంది కాబట్టి మనకు తేడా తెలియదు, ఆకుకు తెలుస్తుంది. ఎండలో పెరిగిన ఆకు ఆ వెలుతురుకు తగ్గట్టు మందంగా తయారవుతుంది. చీకటి గదిలో అది సంపాదించేది తక్కువ, దాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. మొక్క దాన్ని దులిపేసుకుని, ఉన్న వెలుతురుకు సరిపోయే కొత్త ఆకుల్ని వేయాలని చూస్తుంది. మీరు ఆ కొత్త ఆకులు రాకముందే చోటు మార్చారు. మళ్లీ మార్చారు. ప్రతి మార్పుకూ క్రోటన్ కొన్ని ఆకుల్ని చెల్లిస్తుంది. ఈ విషయంలో ఇంత పట్టుదల ఉన్న మొక్క మన ఇళ్లలో ఇంకోటి లేదేమో.

నాలుగు ఆకులూ ఉత్త ఆకుపచ్చగా వచ్చాయన్నారు. దానికి కారణం కూడా ఇదే. క్రోటన్ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది, పసుపు కెరొటినాయిడ్లనే వాటిది. వెలుతురు బాగా తగిలితేనే ఆ ఎరుపు పుట్టేది. వెలుతురు చాలనప్పుడు మొక్క దొరికిన కాస్తనూ పట్టుకోవడానికి పచ్చదనం పెంచుకుంటుంది. అయితే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, చాలా క్రోటన్ రకాల్లో లేత ఆకు మొదట పచ్చగానో పసుపుపచ్చగానో వచ్చి, ముదిరే కొద్దీ ఎర్రబడుతుంది. కాబట్టి బాల్కనీలోకి మార్చాక వచ్చే మొదటి ఆకులు పచ్చగా ఉన్నాయని దిగులు పడకండి. అవి ముదిరేదాకా ఆగాలి.

అసలు క్రోటన్‌ను "ఇంట్లో పెంచే మొక్క" అనడం చలిదేశాల అలవాటు. దీని పుట్టిల్లు మలేషియా, మొలక్కాస్ దీవులతో కూడిన ఇండోనేషియా, పసిఫిక్ దీవులు. వెచ్చగా, గాలిలో తేమ నిండుగా ఉండే చోట్లు. యూరప్‌లోనూ అమెరికా ఉత్తరాన కూడా బయట పెడితే మంచుకు చచ్చిపోతుంది కాబట్టి వాళ్లు కిటికీ పక్కన పెట్టుకుని, దానికి రోజూ తేమ చిలకరిస్తూ, అపురూపంగా సాకుతారు. పుస్తకాల్లో, వీడియోల్లో మనకు దొరికే సలహాలన్నీ వాళ్ల ఇళ్ల కోసం చెప్పినవి. విజయవాడలో డిసెంబరు, జనవరి రాత్రులైనా మామూలుగా 15 డిగ్రీల కిందికి పోవు. క్రోటన్‌కు ఇబ్బంది మొదలయ్యేది అంతకంటే తక్కువలో. మనకు ఇది పెరటి మొక్క. తెనాలిలో మామయ్యగారు దాన్ని పెట్టిన చోటే సరైన చోటు. బెజవాడలో దానికి పడనిది ఈ ఇల్లు కాదు, ఈ హాలు. అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి.

ఏసీ గురించి అడగకపోయినా చెప్పాలి. 24 డిగ్రీలు క్రోటన్‌కు చలేమీ కాదు. కానీ ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, ఆ పొడిగాలి నేరుగా ఆకు మీద కొడితే, తెగిపోయిన వేళ్లున్న మొక్క ఆ దాహాన్ని తీర్చుకోలేదు. ఏప్రిల్లో రాలడం ఎక్కువైందంటే అందుకే.

ఇప్పుడు రెండో జబ్బు. కింది ఆకులు పసుపు తిరిగి మెత్తబడటం, ప్లేటులో నీళ్లు వాసన రావడం. ఇది నీళ్లెక్కువై వేళ్లు కుళ్లుతున్న గుర్తు. మీరు పొద్దున పోస్తున్నారు, అత్తయ్యగారు సాయంత్రం పోస్తున్నారు. ఇద్దరూ ప్రేమతోనే పోస్తున్నారు. పైగా మొక్క తెనాలి నల్లమట్టి గడ్డతో వచ్చి ఉంటుంది. డెల్టా నల్లమట్టి నేలలో ఉంటే బంగారం, ప్లాస్టిక్ కుండీలో ఉంటే ఊబి. ఒకసారి తడిస్తే రోజుల తరబడి ఆరదు, ఆరితే రాయిలా బిగిసి నెర్రెలిస్తుంది. వేరుకు నీరెంత కావాలో గాలీ అంతే కావాలి. మట్టి సందుల్లో ఎప్పుడూ నీళ్లే నిండి ఉంటే వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు నీటిని పీల్చలేదు. అప్పుడు తడిమట్టిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. వాడింది కదా అని మళ్లీ నీళ్లు పోస్తాం. మీ ఇంట్లో ఏప్రిల్ నుంచి జరుగుతున్నది ఇదే.

కాబట్టి మొక్కను చూసి నీళ్లు పోయకండి, మట్టిని చూసి పోయండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి కారేదాకా నిండుగా పోసి, ప్లేటులో చేరింది పారబోయండి. ఈ వర్షాకాలంలో అది మూడు నాలుగు రోజులకోసారి కావచ్చు, మే నెలలో రోజూ కావచ్చు. లెక్క వారాలది కాదు, మట్టిది. ఇంకా ముఖ్యం, నీళ్లు పోసేది ఒక్కరే కావాలి. ఆ ఒక్కరు అత్తయ్యగారైతే మంచిదని నా ఉద్దేశం. ఎందుకో కింద చెప్తాను.

ఏ నీళ్లన్నది కూడా చూడాలి. మున్సిపాలిటీ కృష్ణా నీళ్లయితే బేషుగ్గా ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని చాలామంది మొక్కలకు పోస్తారు. ఆ మెషీన్ మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చేరుతుంది, కుండీ మొక్కలకు వాటిని పోయకండి, ఇల్లు తుడుచుకోండి. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో మాత్రం ఉప్పు దాదాపు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకుంటే క్రోటన్‌కు అవి చక్కగా పనికొస్తాయి. మొక్కను పొడిబార్చిన ఏసీ ఇలా కొంత అప్పు తీర్చుకుంటుందనుకోండి.

వాసన వచ్చేదాకా వెళ్లింది కాబట్టి ఈసారికి మట్టి మార్చక తప్పదు. బాల్కనీలో పెట్టిన వెంటనే, ఇంకా వానలుండగానే చేయండి. కొత్త కుండీ పెద్దది అక్కర్లేదు, వేర్ల ముద్దకు చుట్టూ రెండంగుళాల చోటు మిగిలితే చాలు. పెద్ద కుండీలో వేర్లకు అందని మట్టి తడిసి ఊరికే నానుతూ ఉంటుంది. మట్టి కుండీ దొరికితే ఇంకా మంచిది, దాని గోడలు తేమను పీల్చి బయటికి వదులుతాయి. రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, ఒక పాలు ముతక ఇసుకో కోకోపీటో (కొబ్బరి పొట్టు) కలపండి. పాత నల్లమట్టిని నీళ్లలో నానబెట్టి వేళ్ల నుంచి మెల్లగా విడదీయండి, లాగకండి. నల్లగా, మెత్తగా, పట్టుకుంటే తొక్క జారిపోయే వేళ్లను పదునైన కత్తెరతో తీసేయండి. తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉన్నవి బతికున్నవి, వాటిని ముట్టుకోవద్దు. ఈ పని చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, బాబును మీవారికి అప్పగించండి. ఎరువులు, టానిక్కులు ఇప్పుడేమీ వద్దు. దెబ్బతిన్న వేళ్లకు ఎరువు పెడితే మంట పెట్టినట్టే. రెండు మూడు జతల కొత్త ఆకులు వచ్చాక నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు పైన చల్లండి, చాలు.

కొమ్మల సందుల్లో ఉన్న తెల్లటి దూది పిండినల్లి. మీ పుట్టింటి వైపో అత్తింటి వైపో పత్తి వేసినవాళ్లుంటే పేరు చెప్పగానే గుర్తుపడతారు. అది రసం పీలుస్తుంది, జిగురు వదులుతుంది, ఆ జిగురు కోసం చీమలు చేరతాయి. నీరసించిన మొక్కను ముందు పట్టుకుంటుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి, కనిపించిన ప్రతి ముద్దనూ తుడిచేయండి, ఆకు తొడిమ దగ్గర, ఆకు వెనక కూడా. వారం తర్వాత లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సోపు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల రెండు వైపులా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు చేయాలి. ఆకు వెనక సన్నని బూజులాంటి గూడు, పైన పిన్నుతో పొడిచినట్టు లేత చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. ఏసీ గదుల పొడిగాలిలో అదీ పడుతుంది. దానికి ముందు మందు నీళ్లే, ఆకు వెనక పైపుతో గట్టిగా కడిగేయడం.

చోటు సంగతి. పడమటి బాల్కనీ వద్దు. బెజవాడలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? ఎదురు బిల్డింగు గోడల వేడి, కింద సిమెంటు వేడి కూడా కలిసి వస్తాయి. తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే రంగుకు అది చాలు. కానీ మొదటి రోజే ఎండలో పెట్టకండి. నెలల తరబడి హాల్లో ఉన్న ఆకులు ఒక్కసారి ఎండ తగిలితే తెల్లగా కాలిపోతాయి. ముందు మూలన, కొద్ది రోజులకోసారి జానెడు జానెడు ముందుకు జరుపుతూ, రెండు మూడు వారాల్లో ఎండ పడే చోటికి తీసుకురండి. ఆ తర్వాత అక్కడినుంచి కదిలించొద్దు. పండక్కి చుట్టాలొచ్చారని హాల్లోకి తేవడం కూడా వద్దు.

అత్తయ్యగారికి కనిపించదు కదా అంటారా? పొద్దున కాఫీ తాగే వేళకు ఆవిడ కుర్చీ ఆ బాల్కనీ గుమ్మంలో వేయండి. తెనాలిలో పెరటి గుమ్మంలో కూర్చోవడం అలవాటైన మనిషికి హాల్లో టీవీ ముందు దివాన్ కన్నా అది నచ్చవచ్చు.

ఇక ఆవిడ మాట గురించి. "ఈ ఇల్లు దానికి పడలేదు" అంటున్నది మిమ్మల్ని అయి ఉండకపోవచ్చు. ఇల్లు అమ్ముకుని, ఊరు వదిలి, రెండో అంతస్తుకు వచ్చిన మనిషి తన సంగతే చెప్పుకుంటున్నారేమో ఆలోచించండి. దానికి నేను మందు చెప్పలేను. కానీ మొక్క చచ్చిపోతోందన్న భయానికి ఒక పరీక్ష ఉంది, దాన్ని ఆవిడ చేతే చేయించండి. ప్రతి కొమ్మ మీదా గోటితో చిన్నగా బెరడు గీరమనండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది, ఆకులు లేకపోయినా సరే. గోధుమరంగులో పొడిగా ఉంటే కిందికి జరిగి మళ్లీ గీరండి, పచ్చదనం కనిపించిన చోటికి పైనున్నది కత్తిరించేయొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి, కొత్త ఆకులు వేసే శక్తి దానికింకా ఉంది, మొదలంతా పచ్చగానే ఉండాలి. గీరాక చేతులు సబ్బుతో కడుక్కోమనండి, పాలు కారతాయి. ఆ రోజు నుంచి వేలు గుచ్చి మట్టి చూసే పని, నీళ్ల పని ఆవిడదే. దాన్ని ఏళ్ల తరబడి పెంచిన చెయ్యి అదే. మీరు మధ్యలో "ఒక్క చెంబు" కూడా పోయకండి. ఆవిడ మర్చిపోయారేమో అనిపించినా అడగండి, పోయకండి.

ఈ మొక్క మీద ఆశ పెట్టుకుంటూనే, దాని అంశను వేరుగా నిలబెట్టుకోవడం కూడా మంచిది. మామయ్యగారు నాటినది కాబట్టి ఈ మాట. గింజ వేస్తే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు, కొమ్మ అయితే అదే మొక్క. జామకు, దానిమ్మకు కట్టే గాలి అంటు దీనికి చక్కగా వస్తుంది. పిండినల్లి వదిలి, కొత్త చిగుళ్లు కనిపించాక, పెన్సిలంత లావున్న ఆరోగ్యమైన కొమ్మ ఎంచుకోండి. చివరి నుంచి జానెడు కిందికి, ఆకులు తీసేసిన చోట, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు వలిచేయండి. పాలను తడిగుడ్డతో తుడిచి, తడిపి పిండిన కోకోపీటునో నాచునో గుప్పెడు చుట్టి, పైన పాలిథీన్ కవరు బిగించి రెండు కొసలా దారంతో కట్టండి. లోపలి తేమ ఆరకూడదు. నెలా నెలన్నరలో కవరులోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు కట్టు కింద కోసి చిన్న కుండీలో నాటి, కొన్నాళ్లు నీడలో ఉంచండి. వానాకాలం పోకముందే కట్టాలి, చలికాలంలో వేళ్లు రావడం ఆలస్యమవుతుంది. ఒకటి కాదు, రెండు కొమ్మలకు కట్టండి. ఒకటి మీ ఆడపడుచుకో బావగారికో ఇవ్వొచ్చు, నేల ఉన్న ఇల్లు ఎవరిదైతే వాళ్లకు.

మీవారి గాలి శుభ్రత సంగతి క్లుప్తంగా. 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లాంటి గదుల్లో మొక్కలు పెట్టి, కొన్ని రసాయనాలు తగ్గాయని చూపించారు. ఆ మాటే ఇప్పటికీ తిరుగుతోంది. అలాంటి పరిశోధనలన్నిటినీ 2019లో మళ్లీ లెక్కగట్టి చూస్తే, ఇంట్లో గాలి మారే వేగంతో సమానంగా మొక్కలు శుభ్రం చేయాలంటే చదరపు మీటరు నేలకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే ఇక మనం ఉండటానికి చోటుండదు. పొద్దున అరగంట కిటికీలు తెరవమనండి.

కొత్తది కొందామన్న మాట మాత్రం కొట్టేయకండి, కాకపోతే దీనికి బదులుగా కాదు, హాల్లో ఖాళీ అయిన మూలకు. తక్కువ వెలుతురు ఓర్చుకునే మొక్క, బాబు నమిలినా ప్రమాదం లేనిది అంటే నేను స్పైడర్ ప్లాంట్ చెప్తాను, అందనంత ఎత్తున వేలాడదీసి. కిటికీ దగ్గర చోటుంటే అరెకా పామ్. ఎక్కువమంది కొనే జీజీ (ZZ) ప్లాంట్, అగ్లోనిమా రెండూ నీడలో బాగుంటాయి గానీ, వాటి ఆకులూ నోరు మండించేవే. బాబు ఇంకాస్త పెద్దయ్యేదాకా ఆగండి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగట మట్టి ముద్దతో కవర్లలో ఉంటాయి, కొనగానే అలాగే కుండీలో దించేయకుండా పది రోజులు బాల్కనీలో ఉంచి, తర్వాత ఆ ముద్ద సగం విడదీసి పైన చెప్పిన మట్టిలో నాటండి. కొనేటప్పుడు ఆకు తిప్పి వెనక చూడండి. పిండినల్లి ఉన్న మొక్కను మాత్రం ఎంత తక్కువకిచ్చినా తెచ్చి మీ అత్తయ్యగారి క్రోటన్ పక్కన పెట్టకండి.